సామాజిక బ్రౌజర్లు - తెలుగు పాఠకుడు: 'ఎపిక్' నుంచి గోపాల్‌పేట నెట్ సెంటర్ వరకు ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

సామాజిక మాధ్యమాల సదుపాయాలను తమలోనే ఇముడ్చుకున్న వెబ్ బ్రౌజర్లు 2005-2013 మధ్యకాలంలో పలు రూపాల్లో వెలువడి, ఎక్కువభాగం కనుమరుగయ్యాయి. వాటిలో 2010లో బెంగళూరు నుంచి వెలువడిన 'ఎపిక్' భారతీయ భాషలకు చోటిచ్చిన బ్రౌజర్ కావడం వల్ల తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా పరిశీలనార్హం. ఈ బ్రౌజర్ల వైఫల్యానికి సాధారణంగా చెప్పే కారణాలు వ్యాపారపరమైనవి. వాటితోపాటు, ఈ బ్రౌజర్లు పాఠకుణ్ణి ఊహించుకున్న తీరులోనే లోపం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అక్షరం, సంబంధం, అధికారం అనే మూడు ప్రమాణాలతో, వనపర్తి జిల్లా గోపాల్‌పేట వంటి మండల కేంద్రంలోని పాఠకుని స్థితిని దృష్టిలో ఉంచుకొని ఈ పరిశీలన సాగుతుంది.

కీలకపదాలు: బ్రౌజర్, సామాజిక మాధ్యమం, ఎపిక్, తెలుగు యూనికోడ్, నెట్ సెంటర్, సంస్థానం, గోపాల్‌పేట, గోప్యత.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'విహరిణి' అనే పేరు కల్పించుకున్నప్పటికీ, వాడుకలో 'బ్రౌజర్'గానే స్థిరపడిన ఈ ఉపకరణం సాహిత్య పరిశోధకునికి నేడు గ్రంథాలయ ద్వారం వంటిది. పత్రికలు, నిఘంటువులు, స్కాన్ చేసిన ప్రాచీన గ్రంథాలు, విశ్వవిద్యాలయ ప్రకటనలు అన్నీ దాని ద్వారానే చేరుతున్నాయి. అయినా తెలుగు విమర్శ అంతర్జాలంలోని రచనను పట్టించుకున్నంతగా, ఆ రచనను చూపించే ఉపకరణాన్ని పట్టించుకోలేదు. అచ్చుయంత్రం, పత్రిక, రేడియో తెలుగు వచనాన్ని ఎట్లా మలచాయో చర్చించిన విమర్శకు బ్రౌజర్ కూడా చర్చనీయాంశమే కావాలి.

బ్రౌజర్‌ను సాంకేతిక ప్రమాణాలు 'వాడుకరి ప్రతినిధి' అనే అర్థమిచ్చే మాటతో వ్యవహరిస్తాయి. అంటే అది పాఠకుని పక్షాన నిలిచి, పాఠకుని తరఫున పుటను అడిగి తెచ్చే దూత. దూతకు సొంత ప్రయోజనాలు ఏర్పడినప్పుడు దౌత్యం ఏమవుతుందన్నదే సామాజిక బ్రౌజర్ల విషయంలో మౌలికమైన ప్రశ్న.

2. సామాజిక బ్రౌజర్ - భావన, పరిణామం:

బ్రౌజర్ ద్వారా పదిమందినీ కలపాలన్న ఆలోచన సామాజిక మాధ్యమాలకంటే పాతది. 1990లో సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన తొలి బ్రౌజర్‌లో చదవడంతోపాటు రాసే వీలు కూడా ఉంది. 1993లో వచ్చిన 'మొజాయిక్' తొలి దశలో ఒక బృందంలోని వారు పుటలపై ఉమ్మడిగా వ్యాఖ్యలు రాసుకునే ఏర్పాటుకు ప్రయత్నం జరిగి, ఆగిపోయింది. ఆ తరువాత సుమారు పదేళ్లపాటు బ్రౌజర్ ప్రధానంగా చదివే సాధనంగానే ఉండిపోయింది. రాయడమనే పని వెబ్‌సైట్ల చేతికి వెళ్లింది. ఈ చేతిమార్పిడి తరువాతి పరిణామాలన్నింటికీ మూలం.

2005లో మొజిల్లా ఆధారంగా ప్రారంభమైన 'ఫ్లాక్' ఈ ఖాళీని పూరించదలచింది. ఫొటోలను ఎక్కించడం, స్నేహితుల తాజా సమాచారం చూడటం, సొంత రచనలను ప్రచురించడం ఇవన్నీ బ్రౌజర్ కిటికీలోనే సాధ్యం కావాలన్నది దాని సంకల్పం. 2010లో అది క్రోమియం పునాదికి మారింది. 2011 జనవరిలో జింగా సంస్థ దానిని కొనుగోలు చేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫ్లాక్ ఆగిపోయింది. 2010 నవంబరులో వెలువడిన 'రాక్‌మెల్ట్' మరొక అడుగు ముందుకు వేసి, ఫేస్‌బుక్ ఖాతాతో ప్రవేశించడాన్నే తన వాడుకకు ఆరంభంగా చేసుకుంది. కిటికీకి ఒక అంచున స్నేహితుల ముఖాలు, రెండవ అంచున ఇష్టమైన సైట్లు కనిపించేవి. 2013 ఆగస్టులో యాహూ దానిని కొని మూసివేసింది.

పెద్ద బ్రౌజర్లు కూడా ఈ దిశలో ప్రయోగాలు చేశాయి. 2012లో ఫైర్‌ఫాక్స్ 17వ వెర్షన్ 'సోషల్ ఏపీఐ' పేరుతో ఫేస్‌బుక్ మెసెంజర్‌ను పక్కపట్టీలోకి తెచ్చి, తరువాతి కాలంలో ఆ సదుపాయాన్ని తొలగించింది. 2009లో ఒపెరా ప్రకటించిన 'యునైట్' వీటన్నింటికంటే భిన్నమైనది. అది వాడుకరి కంప్యూటర్‌నే చిన్న సర్వర్‌గా మార్చి, మధ్యవర్తి సంస్థల నిల్వలతో పని లేకుండా ఫైళ్లు, ఫొటోలు పంచుకునే వీలు కల్పించింది. 2012లో అదీ నిలిచిపోయింది.

వీటి వైఫల్యానికి రెండు బాహ్యకారణాలు స్పష్టం. మొదటిది, 2010 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ 'లైక్' బటన్‌ను ఇతర సైట్లకు విస్తరించింది. సామాజికత పుటలోకే వచ్చి కూర్చున్నాక, దానికోసం ప్రత్యేక బ్రౌజర్ అవసరం తగ్గింది. రెండవది, స్మార్ట్‌ఫోన్‌లో ప్రతి సామాజిక మాధ్యమానికీ సొంత యాప్ వచ్చింది. వీటికి తోడు, ఇతరుల సేవలపై ఆధారపడే బ్రౌజర్ ఆ సేవల నిబంధనలు మారిన ప్రతిసారీ తన పట్టీని తిరిగి రాసుకోవాలి. అడుగున ఉన్న మొజిల్లా, క్రోమియం పునాదులు మారినప్పుడూ అదే పని. చిన్న సంస్థకు ఇది రెండువైపులా భారమే. అయితే ఈ కారణాలు బ్రౌజర్ తయారీదారుల కష్టాన్ని వివరిస్తాయే గాని పాఠకుని అనుభవాన్ని వివరించవు. ఆ వివరణకు ఎపిక్ ఉదాహరణ తోడ్పడుతుంది.

3. ఎపిక్ - అక్షరానికి దక్కిన చోటు:

2010 జూలైలో బెంగళూరుకు చెందిన హిడెన్ రిఫ్లెక్స్ సంస్థ 'ఎపిక్' బ్రౌజర్‌ను విడుదల చేసింది. సంస్థ వ్యవస్థాపకుడు అలోక్ భరద్వాజ్. మొజిల్లా పునాదిపై నిర్మించిన ఈ బ్రౌజర్ భారతీయులకోసం రూపొందినదిగా ప్రచారం పొందింది. 12 భారతీయ భాషల్లో టైపు చేసే సదుపాయం, వైరస్ నిరోధక వ్యవస్థ, భారతీయ దృశ్యాలతో కూడిన అలంకరణలు, ఫేస్‌బుక్, ట్విట్టర్ వంటి మాధ్యమాలను తెరిచే పక్కపట్టీ దాని ప్రత్యేకతలు.

ఈ ప్రయత్నంలోని గుణాన్ని ముందుగా గుర్తించాలి. ఆనాటి కంప్యూటర్లలో తెలుగు కనిపించడమే సమస్య. విండోస్ ఎక్స్‌పీలో 'గౌతమి' ఖతి ఉన్నప్పటికీ, సంయుక్తాక్షరాలు సరిగా కనిపించాలంటే భారతీయ లిపుల మద్దతును విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించినా, ప్రధాన తెలుగు పత్రికల సైట్లు చాలాకాలం తమతమ సొంత ఖతులతోనే నడిచాయి. ఒక పత్రికలోని వాక్యాన్ని వేరొకచోట అతికిస్తే అర్థంలేని గుర్తులు మిగిలేవి. ఇటువంటి వాతావరణంలో, బ్రౌజర్ తెరిచిన వెంటనే టైపు చేయడానికి ఒక భారతీయ భాష సిద్ధంగా ఉండటం చిన్న విషయం కాదు.

అయినప్పటికీ ఎపిక్‌లో అక్షరం, సంబంధం రెండు వేర్వేరు గదుల్లో ఉండిపోయాయి. భాష టైపు చేసే పరికరంగా, అలంకరణగా వచ్చింది. సమాజం మాత్రం పరాయి మాధ్యమాలకు తెరుచుకున్న గవాక్షంగా వచ్చింది. తెలుగు చదివేవారు తమలో తాము కలుసుకోవడానికి, ఒక పద్యపాదం గురించి గాని ఒక శాసనపాఠం గురించి గాని చర్చించుకోవడానికి బ్రౌజర్ స్వయంగా కల్పించిన స్థలం లేదు. తెలుగులో రాయవచ్చు గాని, రాసినది చివరికి చేరేది వేరొక సంస్థ ఆవరణలోకే.

ఇదే కాలంలో తెలుగువారు స్వచ్ఛందంగా చేసుకున్న పనులతో పోల్చినప్పుడు ఈ లోపం స్పష్టపడుతుంది. 'లేఖిని' ఆంగ్లాక్షరాల ద్వారా తెలుగు టైపు చేసే వెబ్ పుట. ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది, ఖాతా అడగదు. 'పద్మ' అనే పొడిగింత ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తూ, పత్రికల సొంత ఖతుల్లోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపేది. 'కూడలి' పలువురి తెలుగు రచనలను ఫీడుల ఆధారంగా ఒక్కచోట చూపింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా రచనను ఉమ్మడి ఆస్తిగా చేసింది. ఇవేవీ 'సామాజిక బ్రౌజర్' అన్న పేరు పెట్టుకోలేదు. కాని తెలుగు పాఠకులను ఒకరికొకరిని కలిపినవి ఇవే. సామాజికత అంటే స్నేహితుల ముఖాల వరుస అని ఫ్లాక్, రాక్‌మెల్ట్ వంటి బ్రౌజర్లు భావించాయి. తెలుగు అంతర్జాలం మాత్రం ఉమ్మడిపని అనే అర్థంలో దాన్ని ఆచరించింది.

4. నెట్ సెంటర్ - ఒక కంప్యూటర్, పలువురు మనుషులు:

గోపాల్‌పేట 2016 అక్టోబరు 11 నుంచి వనపర్తి జిల్లాలో, అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన మండల కేంద్రం. ఇటువంటి ఊళ్లలో కంప్యూటర్‌కు తొలిరూపం ఇల్లు కాదు, నెట్ సెంటర్. పరీక్షా ఫలితాలు, ఉపకారవేతన దరఖాస్తులు, 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలకు వచ్చిన 'దోస్త్' విధానం వంటివన్నీ విద్యార్థిని ఆ బల్ల ముందుకే నడిపిస్తాయి. చాలాసార్లు మౌస్ పట్టుకునేది విద్యార్థి కాదు, సెంటర్ నడిపే వ్యక్తి. విద్యార్థి పక్కన నిలబడి పేరు, పుట్టినతేదీ, ఫోన్ నంబరు చెబుతూ ఉంటాడు.

సామాజిక బ్రౌజర్ ఈ దృశ్యాన్ని ఊహించలేదు. 'ఒక కంప్యూటర్, ఒక వ్యక్తి, ఒక ఖాతా' అన్నది దాని మూలసూత్రం. తెరిచిన వెంటనే స్నేహితులు కనిపించాలంటే, ఖాతా ఎల్లప్పుడూ తెరిచే ఉండాలి. ఇందుకు బ్రౌజర్ కుకీలనో, మాధ్యమం ఇచ్చిన అనుమతి సంకేతాలనో తనలో దాచుకుంటుంది. సొంత కంప్యూటర్‌లో ఇది సౌకర్యం. పదిమంది వాడే యంత్రంలో ఇదే ప్రమాదం. ఒకరు లేచి వెళ్లాక కూర్చున్నవారికి ముందువారి సంభాషణలు పక్కపట్టీలో కనిపించే అవకాశం ఉంది. ముఖ్యంగా ఒక యువతికి ఊరిలోని నెట్ సెంటర్లో ఇది సాంకేతిక అసౌకర్యంగా ముగిసే విషయం కాదు, పరువుతోనూ, చదువు కొనసాగడంతోనూ ముడిపడే విషయం.

దీనికి మరొక పార్శ్వం ఉంది. 2011 ఏప్రిల్‌లో వెలువడిన సైబర్ కేఫ్ నియమావళి ప్రకారం, నిర్వాహకులు వాడుకరుల గుర్తింపును నమోదుచేసి, చూసిన సైట్ల వివరాలను కనీసం ఏడాదిపాటు భద్రపరచాలి. అంటే నెట్ సెంటర్ పాఠకునిపై అప్పటికే ఒక నమోదు ఉంది. సామాజిక బ్రౌజర్ దానికి మరొక నమోదును జోడించింది. మొదటిది పుస్తకంలో పేరు, రెండవది స్నేహితుల జాబితాతో సహా మనిషి.

పాలమూరు జీవితంలో వలస ఒక ప్రధాన వాస్తవం. 'పాలమూరు లేబర్' అన్న మాట దూరప్రాంతాల ప్రాజెక్టుల నిర్మాణ చరిత్రలోనే నిలిచిపోయింది. ముంబయిలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనిషికి, ఊళ్లో ఉన్న కుటుంబానికి మధ్య సంబంధం నిలవడం విలాసం కాదు, బతుకు అవసరం. కాబట్టి సామాజిక సదుపాయాలే అనవసరమని కొట్టివేయడం నగరవాసి విమర్శ అవుతుంది. సంబంధం కావాలి. ఆ సంబంధాల జాబితా ఎవరి దగ్గర ఉంటుంది, వేరొకచోటికి తీసుకువెళ్లడం సాధ్యమా, యంత్రం నుంచి లేచాక అది తనతోనే వస్తుందా అన్నవి అసలు ప్రశ్నలు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినప్పుడు ఈ ప్రశ్నల తీవ్రత తెలిసింది. పక్కపట్టీ ఎంత అందంగా ఉన్నా, దాని వెనుక ఉన్న మాధ్యమం మూతపడితే మిగిలేది ఖాళీ పట్టీయే.

5. ఆస్థానం - సంచిక:

ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి గోపాల్‌పేట ప్రాంతపు సాహిత్యచరిత్రలోనే ఒక పోలిక లభిస్తుంది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలతోపాటు గోపాల్‌పేట కూడా నిజాం రాజ్యంలోని ఒక సంస్థానం. కృష్ణా-తుంగభద్రల మధ్య, వాటి పరిసరాల్లో ఈ సంస్థానాల విద్వత్సభలు పండితులకు కలయికస్థలాలు. తిరుపతి వేంకట కవుల వంటివారు గద్వాల, ఆత్మకూరు సంస్థానాలను దర్శించి అవధానాలు చేశారు. ఆ సభల్లో ప్రవేశం అందరికీ లేదు. కులం, లింగం, విద్య వంటి గడపలు ఉన్నాయి. సన్మానం ప్రభువు అనుగ్రహంపై ఆధారపడింది. కాని ఒక విషయంలో కవి స్వతంత్రుడు. అతని విద్య అతని ధారణలో ఉంది. ఒక ఆస్థానం ఆదరించకపోతే మరొక ఆస్థానానికి నడిచిపోగలడు, పద్యం అతనితోనే వస్తుంది.

సామాజిక మాధ్యమం కూడా ఒక ఆస్థానమే. గడపలు తక్కువగా కనిపిస్తాయి, సన్మానం 'లైక్'ల రూపంలో దక్కుతుంది. కాని ఆస్థానం విడిచిపెట్టే కవి తన పద్యాలను, తన శ్రోతలను అక్కడే వదిలి వెళ్లవలసి వస్తుంది. సామాజిక బ్రౌజర్ చేసిన పని ఆ ఆస్థానానికి దగ్గరిదారి వేయడం. పాఠకుని దూతగా ఉండవలసిన ఉపకరణం ఆస్థాన ద్వారపాలకునిగా మారింది.

దీనికి ప్రత్యామ్నాయం కూడా ఇదే ప్రాంతపు చరిత్రలో ఉంది. గద్వాల ప్రాంతంతో సంబంధమున్న సురవరం ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ పత్రిక'ను నెలకొల్పి, 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు 354 మంది కవులతో ఇచ్చిన సమాధానమది. అది ఒక ప్రభువు ఆస్థానంలోని జాబితా కాదు, ప్రజల ముందు ఉంచిన జాబితా. ఎవరైనా చదవవచ్చు, ఉదాహరించవచ్చు, ఖండించవచ్చు. 1948లో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తరువాత సంస్థానాలు అంతరించాయి. సంచిక మాత్రం నేటికీ పరిశోధకుని చేతిలో ఉంది. సంబంధాలను ఆస్థానంలో దాచడానికి, సంచికలో ప్రకటించడానికి గల తేడాయే మూసిన మాధ్యమానికి, బహిరంగ ప్రమాణానికి మధ్య గల తేడా. ఈ పోలికకు పరిమితి ఉంది. ప్రకటించదగినది కవిత్వం. కుటుంబ సంభాషణ ప్రకటించదగినది కాదు. అందువల్ల సంచిక ఆదర్శానికి గోప్యత అనే మరొక ప్రమాణం తోడు కావాలి.

6. ఎపిక్ మలుపు, దాని తరువాత:

2013 ఆగస్టులో ఎపిక్ క్రోమియం పునాదిపై పూర్తిగా కొత్త రూపంలో వచ్చింది. భారతీయతను, పక్కపట్టీని ముందుంచిన పాత రూపం స్థానంలో గోప్యతను ముందుంచిన రూపం నిలిచింది. చరిత్రను దాచకపోవడం, వెంబడించే సాధనాలను అడ్డుకోవడం దాని కొత్త లక్షణాలు. మూడేళ్లలో ఒకే బ్రౌజర్ ఒక ధ్రువం నుంచి మరొక ధ్రువానికి చేరడం విశేషం. ఇది పరోక్షంగా ఒక ఆత్మవిమర్శ కూడా. కాని ఈ మలుపులో భారతీయ భాషల ప్రాధాన్యం వెనుకబడింది. భాష కావాలంటే సామాజికతతో వచ్చింది, గోప్యత కావాలంటే భాష లేకుండా వచ్చింది. గోపాల్‌పేట విద్యార్థికి రెండూ ఏకకాలంలో అవసరమన్న గుర్తింపు ఏ రూపంలోనూ కనిపించదు.

ఆ ఖాళీని ఆక్రమించినవి మొబైల్ బ్రౌజర్లు. 2016 సెప్టెంబరులో జియో సేవల ప్రారంభంతో డేటా చౌకయ్యాక, అలీబాబాకు చెందిన 'యూసీ బ్రౌజర్' వంటివి భారతీయ భాషల వార్తల ప్రవాహాన్ని తెరిచిన పుటలోనే చూపాయి. ఇక్కడ స్నేహితుల ముఖాలు కూడా లేవు. వాడుకరి ప్రవర్తనను బట్టి ఎంపికైన శీర్షికలు ఉన్నాయి. పాఠకుడు ఏదో వెతకడానికి బ్రౌజర్ తెరిచి, వెతకనిదాన్ని చదవడం మొదలుపెట్టాడు. 2020 జూన్ 29న కేంద్రప్రభుత్వం సమాచార సాంకేతిక చట్టం 69ఏ విభాగం కింద నిషేధించిన 59 యాప్‌లలో యూసీ బ్రౌజర్, యూసీ న్యూస్ రెండూ ఉన్నాయి. ఆ నిషేధానికి కారణం దేశభద్రత, సార్వభౌమత్వం. పఠనస్వేచ్ఛ కోణంలో జరగవలసిన చర్చ జరగకుండానే ఆ ఉపకరణం తెరమరుగైంది.

పక్కపట్టీ భావన పూర్తిగా పోలేదు. 2017 నుంచి ఒపెరా వాట్సాప్, మెసెంజర్, టెలిగ్రామ్‌లను పక్కపట్టీలో ఉంచుతోంది. 2022లో వివాల్డి బ్రౌజర్ మాస్టోడాన్ ఆధారిత సామాజిక సేవను స్వయంగా నెలకొల్పి పక్కపట్టీలో చేర్చింది. ఈ రెండింటికీ తేడా ఉంది. మాస్టోడాన్ 2018లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదించిన 'యాక్టివిటీపబ్' అనే బహిరంగ ప్రమాణాన్ని అనుసరిస్తుంది. ఒక సర్వర్ నచ్చకపోతే వాడుకరి తన అనుచరులతో సహా మరొక సర్వర్‌కు మారవచ్చు. పాత రచనలు మాత్రం పాతచోటనే ఉంటాయి. ఆస్థానం మారే కవికి శ్రోతలు వెంట వచ్చి, పద్యాలు వెనుక మిగిలిన స్థితి ఇది. సంపూర్ణం కాకపోయినా, మునుపటికంటే మేలైనది.

7. మూడు ప్రమాణాలు - మదింపు:

అక్షరం: బ్రౌజర్ పాఠకుని భాషను టైపు చేయనిస్తే చాలదు. ఆ భాషలో వెతకడం, చదవడం, సెట్టింగులు అర్థం చేసుకోవడం కూడా సాధ్యం కావాలి. గోప్యతకు సంబంధించిన అనుమతులు ఆంగ్లంలో ఉన్నంతకాలం, 'అంగీకరిస్తున్నాను' అన్న మీట నొక్కడం అంగీకారం అనిపించుకోదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ సంరక్షణ చట్టం, అంగీకారం కోరే సమాచారాన్ని ఆంగ్లంలోగాని ఎనిమిదవ షెడ్యూలు భాషల్లోగాని పొందే అవకాశం ఉండాలంటున్నది. ఈ నియమం అనువాదపు తెలుగులోనా, అర్థమయ్యే తెలుగులోనా అమలవుతుందన్నది భాషాశాఖలు పట్టించుకోవలసిన ప్రశ్న.

సంబంధం: స్నేహితుల వరుసను చూపడం సంబంధానికి ఒక రూపం మాత్రమే. ఉమ్మడిగా ఒక పుటను చదవడం, పాఠభేదాన్ని నమోదు చేయడం, తప్పును సరిదిద్దడం మరొక రూపం. మొజాయిక్ తొలి దశలో విడిచిపెట్టిన ఉమ్మడి వ్యాఖ్యల ఆలోచన తెలుగు పాఠపరిష్కరణకు నేటికీ పనికివచ్చేదే.

అధికారం: ఖాతా తెరిచి ఉండటం నియమంగాను, మూసివేయడం మినహాయింపుగాను సామాజిక బ్రౌజర్ భావించింది. పలువురు వాడే యంత్రంలో ఈ క్రమం తలకిందులు కావాలి. లేచి వెళ్లేటప్పుడు పాఠకుని జాడ చెరిగిపోవడమే నియమం కావాలి.

సొంత స్మార్ట్‌ఫోన్ వచ్చాక నెట్ సెంటర్ సమస్య తీరిపోయిందన్న వాదన రావచ్చు. అది పాక్షిక సత్యం. ఒకే ఫోన్‌ను తండ్రి, కూతురు, తమ్ముడు వాడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దరఖాస్తులకు నెట్ సెంటర్ అవసరం తీరలేదు. యంత్రం చిన్నదైనా 'పలువురి యంత్రం' అన్న స్వభావం మారలేదు.

8. ముగింపు:

సామాజిక బ్రౌజర్లు తప్పు కాలంలో వచ్చిన మంచి ఆలోచనలన్న అభిప్రాయం ఒకవైపు, అవసరంలేని ఆలోచనలన్న అభిప్రాయం మరొకవైపు ఉన్నాయి. పై పరిశీలన రెండింటినీ సమర్థించదు. మనుషులను కలపాలన్న వాటి సంకల్పం సరైనది. కలిసే చోటును పరాయి ఆస్థానానికి అప్పగించడం, పాఠకుణ్ణి సొంత కంప్యూటర్ గల ఒంటరి వ్యక్తిగా ఊహించడం వాటి దోషాలు. ఎపిక్ తన రెండు రూపాల్లో ఒకసారి భాషను, మరొకసారి గోప్యతను అందించి, ఆ రెండింటినీ కలపవలసిన అవసరాన్ని తెలియకుండానే నిరూపించింది.

తెలుగు అంతర్జాల చరిత్రను రాసేవారు రచనలతోపాటు, వాటిని చూపిన కిటికీలను కూడా నమోదు చేయవలసి ఉంది. లేఖిని, పద్మ, కూడలి వంటి ఉమ్మడి ప్రయత్నాలను ఆ చరిత్రలో ముఖ్య అధ్యాయంగా నిలపాలి. గోపాల్‌పేట నెట్ సెంటర్లో దరఖాస్తు నింపి లేచిన విద్యార్థిని తన పేరును, తన సంబంధాలను తనతోపాటు తీసుకొని బయటికి నడవగలిగినప్పుడే బ్రౌజర్ నిజంగా పాఠకుల ప్రతినిధి అనిపించుకుంటుంది.